పటిక అచ్చు

కాలవ నీళ్ళు దోసిట్లోకి తీసుకుని, నాలిక చివర ఒక చుక్క వేసుకుని కళ్ళు మూసుకుంది కనకమహాలక్ష్మి. రుచి నోరంతా పాకేదాకా ఆగి, పక్కకి ఉమ్మేసి, "పర్లేదు, పొయ్యొచ్చు," అంది. ఒడ్డున బిందెతో నిలబడ్డ సుబ్బాయమ్మ అప్పుడు గానీ నీళ్ళలోకి వంగలేదు.

పెదనకి సముద్రం ఎంతో దూరం లేదు. మార్చి వచ్చేసరికి పైనుంచి దిగే నీరు పలచబడి, పోటు రోజుల్లో ఉప్పు కాలవలోకి ఎదురెక్కుతుంది. కంటికి తెలియదు. ఆ నీళ్ళతో గుడ్డ ఉడకేస్తే ఎరుపు ఎరుపులా రాదు, పాతగోడ ఇటుక రంగులో జీవం లేకుండా వస్తుంది. కలంకారీ షెడ్డులో దాన్ని పసిగట్టే యంత్రం ఏదీ లేదు. ముప్పై ఒక్క ఏళ్ళుగా కనకం నాలికే ఉంది.

నిండిన రాగి కాగు అంచుకి వేలితో పసుపు రాసి, "పైడమ్మ తల్లీ, చల్లగా చూడు," అనుకుని పొయ్యి అంటించింది. తల్లి చల్లగా చూసినా పొయ్యి మాత్రం వేడిగానే ఉంటుంది. సరుగుడు కట్టెల పొగ ముందు కళ్ళలోకి వెళ్ళి తరవాత గుండెల్లోకి దిగుతుంది. యాభై రెండేళ్ళ మనిషి. కనుబొమల చివర్లు ఎప్పుడో కాలిపోయి మళ్ళీ మొలవడం మానేశాయి. మోచేతుల దాకా చర్మం దానిమ్మ తొక్క రంగుకి తిరిగి, ఎంత రుద్దినా వదలదు. ఎర్ర వేళ్ళ పొడి, జాజి ఆకు వేసి నీళ్ళు మరుగుతుండగా, అద్దకం అయిన గుడ్డల్ని ఒక్కొక్కటీ వదిలి, నిలువెత్తు కర్రతో తిప్పడం ఆమె పని. తిప్పడం ఆపితే మచ్చలు పడతాయి. దగ్గు వచ్చినా తిప్పుతూనే దగ్గాలి.

అలా దగ్గుతూ తిప్పుతున్నప్పుడే షెడ్డు యజమాని మురళీకృష్ణ పొయ్యి దగ్గరకి వచ్చాడు. పొగ చొక్కాకి పట్టుకుంటుందని అతను ఎప్పుడూ ఇటు రాడు. గుమ్మంలో నిలబడి కేకేస్తాడు.

"పిన్నీ, బావున్నావా?"

కనకం చేతిలో కర్ర ఒక్క క్షణం ఆగింది. వాళ్ళ నాన్న ఈశ్వరప్రసాద్ పోయి, అతను షెడ్డు చేతికి తీసుకుని పదేళ్ళయింది. ఈ పదేళ్ళలో ఆమెను 'ఏమ్మా' అన్నాడు, 'ఇదిగో' అన్నాడు. పిన్ని ఎప్పుడూ కాలేదు.

"బానే ఉన్నానండి."

"పన్నెండింటికల్లా ఇంటికెళ్ళి తలస్నానం చేసి రెడీగా ఉండు. సాయంత్రం బందరులో నీకు సన్మానం."

"నాకెందుకండీ బాబూ?"

"మహిళా దినోత్సవం కదా పిన్నీ."

"అది ఏటా వస్తానే ఉంటదిగా అండీ?"

మురళీకృష్ణ నవ్వాడు. "ఈ ఏడు మన షెడ్డుకి వచ్చిందనుకో. కొత్త చీర పంపిస్తాను, అదే కట్టుకో." జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయాడు.

సుబ్బాయమ్మ అతను గుమ్మం దాటేదాకా ఓర్చుకుంది. "ఏంది ఒదినా, పిన్నివి కూడా అయ్యావా! ఇక నాకు పిన్నత్తగారివి. కాళ్ళు కడగనా?"

"ఊరుకోవే. నాకేదో తేడాగా ఉంది."

"తేడా ఏముంది? శాలువా కప్పుతారు. మన షెడ్డులో శాలువా ఎవరికి కప్పుతారో నీకు తెలీదా ఏంటి?" అనేసి, అన్నాక తనే నాలిక కరుచుకుంది. "తూచ్. నా నోరు మంచిది కాదు."

నోరు మంచిదో కాదో గానీ, మాట అబద్ధం కాదు. నిరుడు శ్రావణంలో అద్దకం పనివాడు సాంబశివరావుకి చెయ్యి వణకడం మొదలైంది. అప్పటిదాకా 'ఏమయ్యా' అనే మురళీకృష్ణ ఒకరోజు 'బాబాయ్' అని పిలిచాడు. వారం తిరక్కుండా శాలువా, పళ్ళబుట్ట, ఫోటో. "కొన్నాళ్ళు ఇంటి దగ్గర రెస్టు తీసుకో బాబాయ్, కబురు చేస్తాను," అన్నాడు. కబురు రాలేదు. సాంబశివరావు ఇప్పటికీ పొద్దున్నే తెల్లచొక్కా వేసుకుని వీధి అరుగు మీద కూర్చుంటాడు, ఎవరో వచ్చి పిలుస్తారన్నట్టు.

కనకం కర్ర తిప్పుతూ లెక్కలు వేసుకుంది. తప్పు ఏం చేసింది? ఈ నెలలో ఒక్క గుడ్డ చెడలేదు. దగ్గు కొంచెం ఎక్కువైంది, అంతే. దసరాకి తను అడిగిన మాట గుర్తు పెట్టుకుని ఇలా తీర్చుకుంటున్నాడా?

అడిగింది పెద్ద కోరికేమీ కాదు. బందరు ఆసుపత్రిలో డాక్టరు ఛాతీ ఫోటో చూసి, పొగ దగ్గరకి వెళ్ళొద్దన్నాడు. అందుకని మురళీకృష్ణతో, "బాబూ, నాకు పొయ్యి కాడ పడట్లేదు. బల్ల దగ్గర ఒక చోటిప్పిస్తే అద్దకం చేసుకుంటాను," అంది. అతను "చూద్దాం" అన్నాడు. ఆ చూడడం దసరా నుంచి మార్చి దాకా సాగుతోంది.

పెదనలో చాలా షెడ్లలో ఆడవాళ్ళు అద్దకం చేస్తున్నారు. ఈ షెడ్డులో మాత్రం చెయ్యరు. దానికి ఈశ్వరప్రసాద్ నాటి కథ ఒకటి ఉంది. అప్పట్లో ఒక కోడలుపిల్ల బల్ల దగ్గర చెక్క అచ్చు పెట్టి పిడికిలితో గుద్దుతుంటే గాజు పగిలి, ముక్క రంగులో పడి, గుడ్డ తాను పొడుగునా గీత పడిందట. ఆ తాను వెనక్కి వచ్చిందట. ఆరోజు నుంచి ఆడవాళ్ళు అచ్చు ఎత్తకూడదన్నారు. గాజులు తీసి చెయ్యమనడానికి ఆయనకి మనసొప్పలేదు, పెళ్ళయిన ఆడవాళ్ళ చేత గాజులు తీయించిన పాపం నాకొద్దు అనేవాడు. బావుంది. మరి కనకం భర్త పోయి పదకొండేళ్ళయింది. చేతికి గాజుల్లేవు. ఆ సంగతి గుర్తు చేస్తే పెద్ద మేస్త్రి తాతారావు, "మొదటి గీత వేసే అచ్చు గదమ్మా, శుభమా అని మొదలెట్టేది. నీకు తెలియందేముంది," అని నసిగాడు. గాజులున్నవాళ్ళు ఉన్నాయని పనికిరారు, లేనివాళ్ళు లేవని పనికిరారు.

విజయదశమికి అచ్చులన్నీ కడిగి, నూనె రాసి, పసుపు కుంకుమ పెట్టేది మాత్రం ఆడవాళ్ళే. కడగడానికి పనికొచ్చిన చెయ్యి అద్దడానికి ఎందుకు పనికిరాదో కనకం అమ్మవారిని చాలాసార్లు అడిగింది. తల్లి నవ్వుతూనే ఉంటుంది గదా, ఆ నవ్వుకి అర్థం ఇదీ అని చెప్పడం ఎవరి తరం?

ఎప్పుడూ అద్దకపోయినా అద్దకం ఆమెకి తెలియక కాదు. బల్ల మీద దాగిన తప్పులన్నీ కాగులో బయటపడతాయి. ఏ అచ్చు పక్క అచ్చుతో కలవకుండా వెంట్రుకవాసి తొలిగిందో, ఎవరి పిడికిలి ఎడమవైపు బరువుగా పడుతుందో, తాతారావు చెయ్యి సాయంత్రం నాలుగు తరవాత ఎటు వాలుతుందో ఆమె ఉడకేసిన గుడ్డ చూసి చెప్పగలదు. ముప్పై ఒక్క ఏళ్ళు ఇతరుల తప్పులు చదువుకున్న మనిషి.

పన్నెండింటికి ఇంటికి వెళ్ళి తల మీద నీళ్ళు పోసుకుంటుండగానే ఫోను మోగింది. గుడివాడ నుంచి కూతురు కుసుమ. అక్కడ బట్టల షోరూములో పనిచేస్తుంది.

"అమ్మా, సన్మానమంట గదా! సుబ్బాయమ్మత్త ఫోను చేసింది. ఎందుకంట?"

"అదే తెలియట్లేదే. నన్ను తీసేస్తారేమో."

"తీసేసేవాళ్ళు బందరు దాకా తీసుకెళ్ళి తీసేస్తారా? నీకన్నీ అనుమానాలే. ఇక్కడ మాకూ పొద్దున్నే తలా ఒక గులాబీ ఇచ్చారు. ఫోటో తీసుకుని మళ్ళీ వెనక్కి తీసేసుకున్నారు."

"వెనక్కెందుకే?"

"రెండో బ్రాంచిలో వాళ్ళకివ్వాలంట." కుసుమ నవ్వింది, కానీ ఎక్కువసేపు నవ్వలేదు. "నీకు ఏదన్నా ఇస్తే గట్టిగా పట్టుకో. సరేగానీ, కూర్చోడానికి కూడా లేదమ్మా ఇవాళ, ఆఫర్లు పెట్టారు. ఉంటా."

చీర వచ్చింది. వంగపండు రంగు, జారిపోయే గుడ్డ. కనకం అంచు వేళ్ళ మధ్య నలిపి చూసింది. నూలు కాదు. కుచ్చిళ్ళు ఎన్నిసార్లు దోపినా నిలవలేదు. చివరికి పిన్నీసు పెట్టుకుంది.

మూడింటికి మురళీకృష్ణ కారు వచ్చింది. వెనక సీట్లో తాతారావు ఇస్త్రీ పంచెలో ఉన్నాడు. ఒళ్ళో తెల్లగుడ్డ చుట్టిన అచ్చు, కాళ్ళ దగ్గర రంగు డబ్బాలు. ఈ షెడ్డులో ఆయన నలభై ఏళ్ళ మనిషి. కనకం ఆయన్ని అన్నయ్యా అంటుంది. అన్నయ్య అయినందుకు ఆయన ఏనాడూ ఒక మాట సాయం చెయ్యలేదు, అలాగని చెడు కూడా చెయ్యలేదు.

కారు బందరు రోడ్డెక్కాక ఆమె అడిగింది. "అచ్చు ఎందుకన్నయ్యా?"

"స్టేజీ మీద అద్దకం చూపించాలంట."

"నువ్వా?"

తాతారావు కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పాడు. "నువ్వు."

ముందు సీట్లో మురళీకృష్ణ ఫోనులో మాట్లాడుతున్నాడు. అద్దకమా? తనా? కాసేపటికి గొంతు తగ్గించి, "నీకిష్టమేనా?" అంది.

"నా ఇష్టంతో పనేముందమ్మా. షెడ్డు ఆయనది, స్టేజీ వాళ్ళది," అన్నాడు. అచ్చు మీద ఆయన చేతులు మాత్రం బిగుసుకుని ఉన్నాయి.

బందరులో హాలు గుమ్మం మీద మనిషికి రెండింతలున్న ఫ్లెక్సీ కట్టారు. అందులో కనకమే ఉంది. రెండు చేతులతో అచ్చు పట్టుకుని నవ్వుతోంది. పది రోజుల కిందట షెడ్డు సరుకు విదేశాలకి అమ్మే కంపెనీ తరఫున హైదరాబాదు నుంచి హర్షిణి అనే అమ్మాయి వచ్చి ఫోటోలు తీసింది. "ఊరికే ఒకసారి పట్టుకోండమ్మా" అని కనకం చేతికి అచ్చు అందించింది. అప్పుడు తాతారావు లేచి బయటికి వెళ్ళిపోతే మురళీకృష్ణ "ఫోటోకే కదా మేస్త్రీ" అని సర్దిచెప్పాడు. కనకం అయిదో తరగతి దాకా చదివింది. ఫ్లెక్సీ ముందు నిలబడి అక్షరాలు కూడబలుక్కుంది. 'ముప్పై ఏళ్ళుగా అచ్చు పట్టిన చేతులు.'

మళ్ళీ చదివింది. అదే ఉంది.

హర్షిణి పరుగెత్తుకొచ్చి చేతులు పట్టుకుంది. మంచి పిల్లే. కళ్ళల్లో కల్లా కపటం కనపడదు. "అమ్మా, ఎంత బావున్నారో! ఇదిగో చూడండి," అని అరచేతిలో పట్టేంత అట్టముక్క చూపించింది. అందులోనూ కనకమే. "మన షెడ్డు నుంచి వెళ్ళే ప్రతి చీరకీ, ప్రతి దుప్పటికీ ఇది కడతాం. స్త్రీల చేతి అద్దకం అని. విదేశాల్లో కొనేవాళ్ళు అదే అడుగుతున్నారు. మీ మొహం ప్రపంచమంతా తిరుగుతుంది!"

అప్పుడు కనకానికి పిన్ని పిలుపు, చీర, కారు, అన్నీ ఒక వరసలోకి వచ్చాయి. ముందు గుండె తేలికపడింది. తీసెయ్యడానికి కాదన్న మాట. ఆ వెంటనే ఇంకో మాట తోచింది. ఆడవాళ్ళు అద్దుతున్నారని ఊరూరా చెప్పుకుంటారు గదా, మరి రేపటి నుంచి ఆడవాళ్ళని అద్దనివ్వాలి గదా? అబద్ధం వల్లనైనా ఒక నిజం పుట్టకూడదా? దేవుడి పనులు వంకర దారుల్లోనే వస్తాయని పెద్దలు ఊరికే అన్నారా?

స్టేజీ వెనక మురళీకృష్ణ చొక్కా సర్దుకుంటున్నాడు. ఆమె దగ్గరకి వెళ్ళింది.

"బాబూ, అయితే రేపట్నుంచి బల్ల కాడికి రానా అండీ?"

"ముందు ఈ ఫంక్షన్ కానీ పిన్నీ."

"ఫంక్షన్ అయ్యాక రమ్మంటారా?"

"ఇప్పుడా అడిగేది?" చిరాకు కనపడకుండా నవ్వాడు. "నువ్వు బల్ల దగ్గరకొస్తే ఉడకేత ఎవరు చూస్తారు చెప్పు? ఆ నాలిక ఎవరికుంది?"

అంతే. ఆమెకి జవాబు దొరికింది. ముప్పై ఒక్క ఏళ్ళు మెచ్చుకోని నాలికని ఇప్పుడు మెచ్చుకున్నాడు, పొయ్యి దగ్గరే కట్టెయ్యడానికి.

హర్షిణి డజను ఊదా గాజులు తెచ్చి, అడగకుండానే ఆమె చేతికి ఎక్కించబోయింది. "మనం ఈ మూఢనమ్మకాలన్నీ బ్రేక్ చేద్దామమ్మా. ఫోటోలో చేతులు బోసిగా ఉంటే బావుండదు."

"వద్దు తల్లీ," అంది కనకం, మెల్లగా చెయ్యి వెనక్కి తీసుకుంటూ. "ఉన్నప్పుడు పనికిరాలేదు, లేనప్పుడు పనికిరాలేదు. ఇప్పుడు ఫోటోకి పనికొస్తయ్యా?"

హర్షిణికి అర్థం కాలేదు. గాజులు పళ్ళెంలో పెట్టేసింది.

హాలు నిండా ఆడవాళ్ళు. డ్వాక్రా సంఘాలవాళ్ళని బస్సుల్లో తెచ్చారు. ముందు వరసలో కుర్చీలకి తెల్ల తొడుగులు, వాటిలో సగం మంది మగవాళ్ళే. ఆడవాళ్ళ గొప్పతనం గురించి ఒకాయన ముప్పావుగంట మాట్లాడాడు. వెనక వరసల్లో ఒకామె పక్కామెతో, "మజ్జిగ ప్యాకెట్లు ముందిస్తారా, తరవాతిస్తారా?" అంటోంది.

తరవాత కనకాన్ని పిలిచారు. స్టేజీ మధ్యలో చిన్న బల్ల వేసి, కరక్కాయ నీళ్ళలో నానేసి ఆరబెట్టిన లేత పసుపు గుడ్డ పరిచారు. దాని మీద గీతల అచ్చు పెట్టి ఉంది. చిలకా, తీగా ఉన్న అచ్చు. పక్కన రంగు పెట్టె. తాతారావు దాన్ని నింపి ఒక పక్కకి తప్పుకున్నాడు.

ఆమె అచ్చు ఎత్తింది. బరువు చేతిలోకి వచ్చింది. దసరాకి కడిగేటప్పుడు ఉండే బరువు కాదు ఇది. రంగు పెట్టె మీదికి వంగింది, వంగి ఆగిపోయింది.

వాసన లేదు.

గీతల అచ్చుకి నల్లరంగు కావాలి. బెల్లంలో పాత ఇనుము మురగబెట్టి చేసే ఆ రంగు, ఆమడ దూరాన ఉన్నా ముక్కుకి తెలుస్తుంది. పెట్టెలో ఉన్నది పటిక. ఎరుపు రావాల్సిన చోట అద్దేది. పటిక అద్దితే గుడ్డ మీద తడి తప్ప ఏమీ కనపడదు. కాగులో ఎర్ర వేళ్ళతో ఉడికినప్పుడే పటిక తగిలిన చోటల్లా ఎరుపు లేస్తుంది. మామూలుగా బల్ల దగ్గర గుర్తు కోసం దానిలో కాస్త రంగునీళ్ళు కలుపుతారు. ఇవాళ అదీ లేదు. నీళ్ళలా ఉంది.

తాతారావు వంక చూసింది. ఆయన తన కాళ్ళవేళ్ళు చూసుకుంటున్నాడు. మరిచాడా? నలభై ఏళ్ళ మేస్త్రి నల్లరంగుకీ పటికకీ తేడా మరుస్తాడా? నలుగురిలో నవ్వులపాలైతే బల్ల మాట ఇంకెప్పుడూ ఎత్తదని పోశాడా?

ఆపొచ్చు. "రంగు తప్పు పోశారండీ" అనొచ్చు. అంటే తాతారావు అచ్చు అందుకుంటాడు, నల్లరంగు తెప్పిస్తాడు, నాలుగు అద్ది చూపిస్తాడు, అందరూ చప్పట్లు కొడతారు. మళ్ళీ ఈ అచ్చు తన చేతికి ఎప్పుడొస్తుంది?

కనకం అచ్చుని పటికలో ఒత్తింది. గుడ్డ మూలన గురి చూసి పెట్టింది. పిడికిలితో గుద్దింది. ఎత్తింది.

ఏమీ లేదు. సన్నటి తడి.

రెండోది మొదటిదాని అంచుకి ఆనించి పెట్టింది. ఆ తడి ఫ్యాను గాలికి ఆరేలోపు తరవాతది పెట్టాలి, లేకపోతే గురి దొరకదు. మూడు. నాలుగు. హాలులో గుసగుసలు మొదలయ్యాయి. ఎవరో కిసుక్కుమన్నారు. "రంగు అయిపోయినట్టుందే పాపం," అని ఒక గొంతు. అయిదు. ఆరు. ఆమెకి అవేమీ వినపడలేదు. తీగ ఎక్కడ వంగుతుందో, చిలక ముక్కు ఏ ఆకు దగ్గరకి రావాలో వేళ్ళకి తెలుసు. వేళ్ళే చూస్తున్నాయి. పన్నెండో అచ్చు గుద్ది ఎత్తేసరికి గుడ్డ ఈ చివర నుంచి ఆ చివరకి నిండింది. నిండిందని ఆమెకి తెలుసు. చూసేవాళ్ళకి అది బల్ల మీద పరిచిన ఉత్త గుడ్డ.

హర్షిణి మైకు పట్టుకుని గబగబా వచ్చింది. "అమ్మ కొంచెం కంగారుపడ్డారు, పర్వాలేదు! అంతా ఒకసారి చప్పట్లు కొట్టండి!"

"కంగారు లేదమ్మా," అంది కనకం. మైకులో తన గొంతు తనకే కొత్తగా వినపడింది. "పడిందండి. ఉడికితే కనపడుద్ది."

జనం నవ్వారు. హర్షిణి కూడా నవ్వి, "ముప్పై ఏళ్ళుగా అద్దకం చేస్తున్నారు. ఈ ప్రయాణం గురించి చెప్పండమ్మా," అంది.

కనకం ముందు వరసలో మురళీకృష్ణని చూసింది. అతని మొహంలో నవ్వు అలాగే అతికించినట్టు ఉంది, కళ్ళు మాత్రం వద్దంటున్నాయి.

"లేదండి," అంది. "మా షెడ్డులో నన్ను ఎప్పుడూ అద్దనివ్వలేదండి. ఇవాళే మొదలు."

అప్పుడు హర్షిణి రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుని, "విన్నారా! ముప్పై ఏళ్ళ తరవాత కూడా ప్రతిరోజూ మొదటిరోజే అంటున్నారు. ఎంత వినయం!" అంది.

హాలు మారుమోగింది. మజ్జిగ గురించి అడిగినామె కూడా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ముందు వరస పెద్దమనిషి వచ్చి శాలువా కప్పాడు. పాలిస్టరు శాలువా. ఫోటో తీసేవాడు, "అమ్మా, ఇటు చూడండి, నవ్వండి," అన్నాడు.

మెట్లు దిగుతుంటే తాతారావు ఎదురొచ్చాడు.

"పెట్టెలో ఏం పోశావన్నయ్యా?"

"డబ్బాలు రెండూ ఒకేలా ఉన్నయ్యమ్మా. చూసుకోలేదు."

"ముక్కు కూడా చూసుకోలేదా?"

ఆయన పంచె అంచు వేళ్ళతో మడిచి విప్పాడు. కాసేపటికి, ఎవరూ వినట్లేదని చూసుకుని, "పక్క నుంచి లైటు వెలుగులో తడి చూశాను. పన్నెండూ చూశాను. ఒక్కటి గురి తప్పలేదు," అన్నాడు. ఆ మాట ఆయన నోట్లోంచి పన్ను పీకినంత కష్టంగా వచ్చింది. ఆ మాట రేపు షెడ్డులో అంటాడా అని కనకం ఆయన మొహంలో వెతికింది. అనడు. ఇద్దరికీ తెలుసు.

మురళీకృష్ణ బయట కారు దగ్గర నిలబడ్డాడు. కోపం లేదు. కోపం ఉంటేనే బావుండేది.

"బాగా మాట్లాడావు పిన్నీ," అన్నాడు. "దగ్గు కూడా ఎక్కువగా ఉన్నట్టుంది నీకు. ఒక వారం ఇంటి దగ్గర రెస్టు తీసుకో. నేను కబురు చేస్తాను."

కనకానికి తెల్లచొక్కాతో అరుగు మీద కూర్చున్న మనిషి కళ్ళ ముందు కదిలాడు. శాలువా మడిచి చంకలో పెట్టుకుంది.

"కబురొద్దులే బాబూ. వెళ్ళొస్తానండి."

"కారులో రా, పెదనలో దింపుతాను."

"బండి ఉందండి."

స్టేషను దాకా ఆటోలో వెళ్ళింది. గుడివాడ పాసింజరు కదలడానికి సిద్ధంగా ఉంది. కిటికీ పక్కన కూర్చుని సుబ్బాయమ్మకి ఫోను చేసింది.

"ఏం ఒదినా, ఏమిచ్చారేంటి?" అంది సుబ్బాయమ్మ ఆత్రంగా.

"చప్పట్లు ఇచ్చారే. నవ్వులు ముందిచ్చారు, అవి తరవాత."

"ఎప్పుడొస్తన్నావు? రేపు కాగు ఎన్నింటికి ఎక్కించాలి?"

"నువ్వు ఎప్పుడు ఎక్కిస్తే అప్పుడేనే. నేను రావట్లేదు."

అవతల సుబ్బాయమ్మ ముక్కు చీదిన చప్పుడు. "నా నోరు మంచిది కాదన్నానా," అంది.

"నీ నోరు కాదు లేవే. తలుపు తాళం చెవి పక్కింట్లో ఉంది. అమ్మవారి దగ్గర దీపం పెట్టు, మరిచిపోకు."

పెదన వచ్చింది. ఇద్దరు ముగ్గురు దిగారు. ప్లాటుఫారం చివర చీకటి పడుతున్న కొబ్బరిచెట్ల పైనుంచి సన్నగా పొగ లేస్తోంది, ఎవరి షెడ్డుదో. కనకం చూసింది. దగ్గు రాలేదు. బండి కదిలింది. ఆమె దిగలేదు. గుడివాడలో ఏం చేస్తుందో ఇంకా తెలియదు. కూతురు ఏమంటుందో, అల్లుడు ఏమంటాడో అన్న భయం అప్పుడే మెల్లగా పక్కన వచ్చి కూర్చుంది. అయినా చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని చూసుకుంది. కుడి పిడికిలి అంచు గుద్ది గుద్ది కమిలి, కొంచెం నొప్పిగా ఉంది. ఆ నొప్పిని ఎడమచేతి బొటనవేలితో మెల్లగా ఒత్తుకుంది.

బందరు హాలులో కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నారు. మజ్జిగ ప్యాకెట్లు ఊడ్చే ఆమె స్టేజీ మీది బల్ల దగ్గరకి వచ్చి, గుడ్డని అటూ ఇటూ తిప్పి చూసింది. మరకేమీ లేదు, శుభ్రంగా ఉంది. ఉత్తగుడ్డే గదా అని నాలుగు మడతలు పెట్టి మైకుపెట్టె మీద కప్పింది. లైట్లు ఒక్కొక్కటే ఆర్పేసుకుంటూ వెళ్ళిపోయారు. నాలుగు మడతల్లో పన్నెండు చిలకలతో ఆ గుడ్డ అక్కడే ఉంది, ఎవరూ ఉడకబెట్టకుండా.